గుడికి అన్ని స్తంభాలెందుకు, ఖుష్ మహల్‌కు ఒక్క స్తంభమూ లేదెందుకు?

కోటగుమ్మం అడిగిన ప్రశ్న:

వరంగల్ కోటలో స్వయంభూ గుడి శిథిలాల చుట్టూ కాకతీయుల కీర్తి తోరణాలు నాలుగున్నాయి. అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు ఉంది. తోరణం అంటే రెండు పక్కలా నిలువు రాళ్లు, వాటి మీద అడ్డ దూలాలు. ఖుష్ మహల్ లోపలికి వెళ్తే మధ్యలో స్తంభమే కనపడదు, హాలు వెడల్పు మొత్తాన్నీ ఎత్తైన రాతి కమానులు దాటేస్తాయి. రాయి ఒకటే, ఊరు ఒకటే. రెండింటి మధ్య కాలభేదం కూడా మరీ ఎక్కువేం కాదు.

గుడి సంప్రదాయం వేరు, సుల్తానుల అభిరుచి వేరు అని సరిపెట్టుకోవచ్చా? లేక స్తంభాల సంఖ్యను నిర్ణయించింది కట్టుబడి పద్ధతేనా? హనుమకొండ వేయిస్తంభాల గుడి (1163), పాలంపేట రామప్ప (1213), చార్మినార్ (1591), ఈ మూడింటినీ ఉదాహరణలుగా తీసుకుని, లెక్కతో సహా ఎవరైనా వివరిస్తారా? రామప్ప నీళ్లలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక గురించి కూడా కాస్త చెప్పండి.

---

దూలంలెక్క:

లెక్కతోనే మొదలుపెడతాను. అది తెలిస్తే మిగతాది చాలావరకు దానంతట అదే అర్థమవుతుంది.

గ్రానైట్‌ను నొక్కితే చదరపు సెంటీమీటరుకు 1000 నుంచి 2000 కిలోల వరకు ఓర్చుకుంటుంది. వంచితే మాత్రం 100–150 కిలోలకే విరుగుతుంది. ఇసుకరాయి ఇంకా తక్కువకే విరుగుతుంది. పైగా రాయిలో కంటికి కనపడని పొరలు, నెరియలు ఉంటాయి కాబట్టి, విరిగే బలంలో మూడో వంతుకు మించి నమ్ముకోకూడదు. దూలం మీద బరువు పడగానే దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. రాతి దూలం ఎప్పుడు విరిగినా అడుగు నుంచే విరుగుతుంది.

ఒక మామూలు మండపం తీసుకుందాం. స్తంభాల మధ్య దూరం 3 మీటర్లు, దూలం 40 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. మందం. పైన 20 సెం.మీ. రాతి పలకలు, వాటి మీద 30 సెం.మీ. ఇటుక, సున్నం. కప్పు బరువు చదరపు మీటరుకు దాదాపు 1070 కిలోలు తేలుతుంది. ఒక్కో దూలం 3 మీటర్ల వెడల్పు కప్పును మోస్తుంది కాబట్టి, సొంత బరువు కూడా కలిపితే మీటరు పొడవుకు 3630 కిలోలు. దూలం అడుగున లాగే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 38 కిలోలు వస్తుంది. గ్రానైట్‌కు ఇది సరిపోతుంది, అలాగని మిగులు మరీ ఎక్కువ లేదు.

ఇప్పుడు మధ్యలో ఒక స్తంభం తీసేద్దాం. దూరం 6 మీటర్లవుతుంది. ఒత్తిడి దూరంతో సమానంగా పెరగదు, దూరం వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు దూరానికి నాలుగింతలు, అంటే 153 కిలోలు. ఆ దూలం నిలబడదు. నిలబెట్టాలంటే మందం 80 సెం.మీ.కి పెంచాలి. అప్పుడు ఆరున్నర మీటర్ల దూలం బరువు ఐదున్నర టన్నులు దాటుతుంది. పగులు లేకుండా అంత రాయి గనిలో దొరకాలి, దాన్ని స్తంభాల మీదికి ఎక్కించాలి. 3 మీటర్ల దూరానికి పనికొచ్చే దూలం ఒకటిన్నర టన్నే. గుడి మండపాల్లో స్తంభాలు అంత దగ్గరగా ఉండడానికి అసలు కారణం ఇదే. శాస్త్రం, సంప్రదాయం, అందం అన్నీ ఆ కొలత లోపలే పనిచేశాయి.

అదే 6 మీటర్లను 3 మీటర్ల ఎత్తు లేచే కమానుతో దాటించండి. అదే బరువు పెట్టండి. ఒక్కో కాలు మీద నిలువుగా 10.9 టన్నులు పడుతుంది, పక్కకు 5.4 టన్నుల తోపు వస్తుంది. కమాను రాయి 40×40 సెం.మీ. అయితే దానిలో నొక్కుడు చదరపు సెంటీమీటరుకు 8 కిలోలు కూడా ఉండదు. దూలంలో 153 కిలోల లాగుడుతో విరిగిపోయే రాయికి, కమానులో 8 కిలోల నొక్కుడు ఒక లెక్కే కాదు.

ఆ 5.4 టన్నుల పక్కతోపును మాత్రం మరచిపోకండి. దూలం కింది స్తంభం మీద నిలువు బరువు మాత్రమే పెడుతుంది, కమాను దాన్ని పక్కకు కూడా నెడుతుంది. కమాను ఎత్తును సగానికి తగ్గిస్తే తోపు రెట్టింపై 10.9 టన్నులవుతుంది. అందుకే సన్నటి స్తంభాల మీద కమాను నిలవదు, మందపాటి గోడ కావాలి. ఖుష్ మహల్ బయటి గోడలు కిందికి వచ్చేకొద్దీ వాలుగా బలిసి ఉంటాయి, గమనించండి. తోపును నేలలోకి దించే రూపం అది. చార్మినార్‌లో ఒక్కో వైపు కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు. పక్కపక్క కమానుల తోపులు రెండూ మూలలో కలుస్తాయి, సరిగ్గా ఆ మూలల్లోనే మీనార్లు ఉన్నాయి. సుమారు 56 మీటర్ల మీనారు బరువు పైనుంచి నొక్కుతుంటే, పక్కకు పోవాల్సిన బలం కిందికి తిరుగుతుంది. మీనార్లను కేవలం అలంకారంగా చూసేవాళ్లు ఈ సంగతి గుర్తించాలి.

---

ఉలిసమ్మెట:

లెక్క సరిగ్గా ఉంది. అయితే దూలం పద్ధతిలో ఉంటూనే దూరాన్ని పెంచడానికి శిల్పులు ఎన్ని ఉపాయాలు పన్నారో చెప్పకపోతే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

మొదటిది బోదిక. స్తంభం తల మీద నాలుగు వైపులా చేతులు చాచినట్టుండే రాయి. అది ఒక్కో వైపు 30 సెం.మీ. ముందుకొస్తే 3 మీటర్ల దూరం 2.4 మీటర్లవుతుంది. పై లెక్క ప్రకారం ఒత్తిడి 38 నుంచి 25కు దిగుతుంది. 60 సెం.మీ. ఆసరాతో మూడో వంతుకు పైగా తగ్గిందన్నమాట. బోదిక మీద పద్మాలు, పూలమొగ్గలు చెక్కినా అది మొదట పనిముట్టు, ఆ తర్వాతే శిల్పం.

రెండోది మూల పలకలు. మండపం నడిమి అంకణం (నాలుగు స్తంభాల మధ్య చోటు) పైకప్పును ఒకే పలకతో మూయలేరు. నాలుగు మూలల్లో ఒక్కొక్క పలకను అడ్డంగా వేస్తే మధ్యలో ఏటవాలుగా తిరిగిన చిన్న చతురస్రం మిగులుతుంది. 3 మీటర్ల అంకణం 2.12 అవుతుంది. దాని మూలలను మళ్లీ అలాగే కోస్తే 1.5, ఇంకోసారి కోస్తే 1.06. మూడు వరసల్లో ఖాళీ వైశాల్యం ఎనిమిదో వంతుకు తగ్గిపోతుంది, పైన చిన్న పలక ఒక్కటి చాలు. తలెత్తి చూస్తే కనిపించే ఆ మెట్ల చతురస్రాలు ఇలా పుట్టినవే.

మూడోది బరువు తగ్గించడం. రామప్ప ప్రత్యేకత ఇక్కడే ఉంది. గోడలకు ఇసుకరాయి, స్తంభాలకు, దూలాలకు గ్రానైట్, నల్లటి డోలరైట్, గర్భగుడి మీది విమానానికి తేలిక ఇటుక వాడారు. ఎక్కువ మోసే చోట గట్టి రాయి, మోయించుకునే చోట తేలిక సరుకు. మామూలు ఇటుక ఘనమీటరు 1800 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నీళ్లలో తేలాలంటే 1000 కిలోల లోపు ఉండాలి. అంటే శిఖరం బరువు దాదాపు సగానికి పడిపోయింది. మట్టిలో ఊక, రంపపు పొట్టు లాంటి కాలిపోయే సరుకు కలిపి కాలిస్తే లోపల సన్నటి గదులు మిగులుతాయి, ఇటుక తేలికవుతుంది. రోమ్‌లోని పాంథియన్ గోపురం (43 మీటర్ల వెడల్పు) కట్టినవాళ్లూ అదే దారి పట్టారు. కింద బరువు రాయి కలిపిన కాంక్రీటు, పైకి పోయేకొద్దీ ప్యూమిస్ (బుడగలతో నిండిన తేలిక అగ్నిపర్వతపు రాయి) కలిపిన తేలిక కాంక్రీటు.

పునాదిలో ఇసుక గురించి. గొయ్యి తవ్వి, ఇసుకను పొరలు పొరలుగా పోసి, తడిపి, కుదించి, దాని మీద రాతి పీఠం ఎత్తుతారు. నాలుగు వైపులా కట్టడి ఉన్న ఇసుక ఎటూ జరగలేదు కాబట్టి బరువును సమానంగా పంచుతుంది. రేగడి మట్టిలా తడిస్తే ఉబ్బడం, ఎండితే నెరియలివ్వడం దానికి లేదు. భూకంపాలను ఆపే రహస్యం అని ప్రచారం చేస్తుంటారు. అది నాకు నచ్చదు. వదులుగా ఉండి నీళ్లతో నిండిన ఇసుక భూకంపంలో ద్రవంలా జారిపోతుంది. కట్టడి, కుదింపు, నీరు పోయే దారి, ఈ మూడూ ఉంటేనే ఇసుక పెట్టె పనిచేస్తుంది. గుడి పక్కన లోతుగా కాలువ తవ్వినా, వాననీరు పీఠం కిందికి చేరి ఇసుకను కొట్టుకుపోయినా ఒక మూల దిగుతుంది. స్తంభం కాస్త దిగినా పైదూలం పగలొచ్చు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, పునాది నుంచి మళ్లీ కట్టాల్సి వచ్చింది. 2024లో గానీ అది భక్తులకు తెరుచుకోలేదు.

---

కోటగుమ్మం:

ఇద్దరికీ ధన్యవాదాలండి. అయితే కమాను ఇంత లాభమైనప్పుడు మనవాళ్లు ముందే ఎందుకు వాడలేదు? తెలియకనా?

---

గానుగసున్నం:

తెలియక కాదండి. కాన్పూర్ దగ్గర భీతర్‌గావ్‌లో గుప్తుల కాలం నాటి ఇటుక గుడి ఉంది, సుమారు 5వ శతాబ్దం. దానిలో అసలైన ఇటుక కమాను ఉంది. కమాను తెలిసినా రాతి గుళ్లలో దాన్ని పక్కనపెట్టారు. కారణం సరుకులో, పనివాళ్లలో వెతకాలి. రాతి గుడిలో రాళ్లు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. దానికి మంచి గని, చేయి తిరిగిన శిల్పి కావాలి. కమానుకు పెద్ద రాయి అక్కర్లేదు, ఒకరిద్దరు మోయగల చిన్న రాళ్లు చాలు. బదులుగా నమ్మకమైన సున్నం, సెంట్రింగుకు బోలెడంత కలప, కొలత తప్పని మేస్త్రీ కావాలి. మొదటి ఏర్పాటు మూడు నాలుగు వందల ఏళ్లుగా సాగుతున్న చోట రెండోది ఒక్కసారిగా రాదు.

ఎలా వచ్చిందో ఢిల్లీలో వరసగా చూడొచ్చు. కుతుబ్ మీనార్ పక్కన మసీదు ముందరి రాతి తెరగోడ 1199 నాటిది. చూడ్డానికి కమానులే. దగ్గరికి వెళ్లి రాళ్ల అతుకులు చూస్తే అన్నీ నేలకు సమాంతరంగా ఉంటాయి. ఒక్కో వరసను కాస్త ముందుకు జరుపుతూ పోయి, అంచును కమాను వంపులో చెక్కారు. కట్టించినవాళ్లు ఆకారం అడిగారు, కట్టినవాళ్లు తమకు వచ్చిన పద్ధతిలోనే ఇచ్చారు. అసలైన కమానుకు అతుకులు వంపు కేంద్రం వైపు తిరిగి ఉంటాయి. అది 1280ల నాటి బల్బన్ సమాధిలో కనిపిస్తుంది, 1311లో అలాయి దర్వాజా దగ్గరికి వచ్చేసరికి కమానుతో పాటు గోపురమూ కుదిరింది. ఆకారం ముందు వచ్చి, దాన్ని నిలబెట్టే పనితనం దాదాపు తొంభై ఏళ్ల తర్వాత వచ్చింది. కాబట్టి పాత కట్టడంలో కమాను చూస్తే ఆకారం చూసి కాలం కట్టకండి, అతుకుల దిశ చూడండి.

కమాను కట్టే వరస ఇది. ముందు రెండు పక్కల గోడలు లేపుతారు. మధ్యలో కర్రలు, మట్టి, రాళ్లతో వంపు ఆకారం నిలబెడతారు. రాళ్లను రెండు వైపుల నుంచీ సమానంగా పేర్చుకుంటూ పైకి వస్తారు. ఒక వైపు ముందు పూర్తిచేస్తే సెంట్రింగు ఒరుగుతుంది. చివరి నడిమి రాయిని బిగించాక, కమాను భుజాల మీద రాళ్లు, సున్నం నింపుతారు. ఈ నింపుడు తప్పనిసరి. నిండు అర్ధవృత్తపు కమాను మీద బరువు పెడితే నడినెత్తి కిందికి, భుజాలు బయటికి పోవాలని చూస్తాయి. భుజాల మీద బరువు ఆ కదలికను ఆపుతుంది. సెంట్రింగును ఒక్కసారి లాగేయకూడదు. కింది చీలలను కొద్దికొద్దిగా వదులు చేస్తూ కమానును తన బరువు మీద తాను కూర్చోనివ్వాలి.

సున్నం సంగతి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో చల్లార్చి, కనీసం కొన్ని వారాలు నాననిచ్చి, గానుగలో ఇసుకతో కలిపి నూరతారు. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక. తడి తగిలే చోట ఇసుకలో సగం తీసి ఇటుకపొడి వేస్తారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేది పని తేలికగా సాగడానికి, నీరు పట్టకుండా ఉండడానికి. మామూలు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. మందపాటి గోడ లోపల దానికి ఏళ్లు పడుతుంది. ఈ ఆలస్యం వల్ల ఒక మేలుంది. కట్టడం దిగి సర్దుకునేటప్పుడు సున్నం పగలకుండా కాస్త లొంగుతుంది.

పగులును చూసి రోగం చెప్పొచ్చు. గోడలు పక్కకు జరిగితే కమాను నడినెత్తి వద్ద అడుగువైపు తెరుచుకుంటుంది, భుజాల వద్ద పైవైపు తెరుచుకుంటుంది. ఈ మూడు పగుళ్లూ కలిసి కనపడితే పైన పూత వేసి లాభం లేదు, గోడకు ఊతం ఇవ్వాలి.

గోపురానిది ఇంకో చిక్కు. అది కింద చుట్టూ పువ్వులా విచ్చుకోవాలని చూస్తుంది. అర్ధగోళంలో నెత్తి నుంచి సుమారు 52 డిగ్రీలు దిగాక లాగుడు మొదలవుతుంది, అక్కడే నిలువు పగుళ్లు వస్తాయి. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్)లో చర్చిగా కట్టిన హగియా సోఫియా 537లో పూర్తయింది. లోతు తక్కువగా కట్టిన గోపురం 558లో కూలింది. రెండోసారి దాదాపు 6 మీటర్లు ఎత్తు పెంచి కట్టారు. ఎత్తు పెరిగితే తోపు తగ్గుతుందని దూలంలెక్క గారు చూపించిన సూత్రమే అది. బీజాపూర్ గోల్ గుంబజ్ (1656)లో మరో పరిష్కారం ఉంది. లోపలి వెడల్పు దాదాపు 38 మీటర్లు. ఎనిమిది కమానులు ఒకదాన్నొకటి కోసుకుంటూ రెండు తిరిగిన చతురస్రాల్లా అల్లుకుని, పైన గోపురం కూర్చునే వలయాన్ని లోపలికి తెస్తాయి. బయటికి తోసే గోపురాన్ని లోపలికి వాలిన ఆ రాతిమేట ఎదురు తోస్తుంది. కింద గోడలు 3 మీటర్ల మందం.

---

స్లాబుపని:

ఇటీవలి కాలం కూడా కలుపుతాను, కథ అక్కడితో ఆగలేదు.

ఇనుము చవకయ్యాక దూలం మళ్లీ తిరిగొచ్చింది. కోణార్క్‌లో 13వ శతాబ్దంలోనే ఇనుప దూలాలు వాడారు గానీ, విరివిగా అందింది రైళ్ల కాలంలోనే. ఆ నాటి ఆఫీసులు, బడుల్లో మీటరు, మీటరున్నర ఎడంతో ఇనుప గర్డర్లు వేసి, వాటి మధ్య 10–15 సెం.మీ. లేచే చిన్న ఇటుక కమానులు తిప్పేవారు. చివరి అంకణంలో గర్డర్లను కట్టే ఇనుప కడ్డీ తప్పనిసరి. లేకపోతే చివరి కమాను తోపు గోడను బయటికి నెట్టేస్తుంది. ఇనుము దొరకని చోట మద్రాసు మిద్దె వేసేవారు. టేకు వాసాల మీద సన్నటి ఇటుకలను నిలువు అంచున, వాసాలకు ఏటవాలుగా, సున్నంతో పేర్చి, పైన 7–8 సెం.మీ. ఇటుకముక్కల సున్నం వేసి, బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. ఏటవాలు వరసకు కారణం, ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని పక్క వరస ఆసరాతో నిలుస్తాయి కాబట్టి సెంట్రింగు లేకుండానే పని సాగుతుంది.

తర్వాత కాంక్రీటులో ఊచలు వచ్చాయి. దూలం అడుగున లాగుడును రాయి మోయలేదు, ఊచ మోస్తుంది. వేడికి రెండూ దాదాపు ఒకే మోతాదులో సాగుతాయి కాబట్టి విడిపోవు. 6 మీటర్ల దూరం మామూలైపోయింది. ఇప్పుడు కడుతున్న కాంక్రీటు గుళ్లలో కూడా 3 మీటర్లకో స్తంభం వేసి, దానికి సిమెంటు బోదిక అతికిస్తారు. ఆ బోదిక ఏమీ మోయదు. పెళ్లిళ్లు జరిగే మండపమైతే మధ్య స్తంభాలు తీసేసి జనానికి చోటివ్వడం మేలని నా అభిప్రాయం. ఆకారం కోసమే కావాలంటే సరే, కానీ ఊచలతో అసలు స్తంభానికి కట్టని సిమెంటు బోదిక ఏదో ఒకనాడు ఊడి కింద పడుతుంది.

కొత్త సరుకును పాత ఆకారంలో పోసినప్పుడు జరిగే ఇంకో తప్పు చూరు దగ్గర ఉంటుంది. చూరుకు లాగుడు పైవైపు వస్తుంది, ఊచలు పైన ఉండాలి, పై అంచు నుంచి 2 సెం.మీ. లోపల. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు వాటి మీద నడిస్తే ఊచలు అడుక్కి దిగిపోతాయి. కుర్చీలు (ఊచలను ఎత్తులో నిలిపే వంచిన ఇనుప ముక్కలు) పెట్టి నిలపకపోతే సెంట్రింగు విప్పిన రోజే చూరు గోడ అంచున విరిగి పడుతుంది.

---

కోటగుమ్మం:

చాలా స్పష్టంగా ఉంది. చివరిగా ఒకటి. పాత రాతి మండపంలో దూలం అడుగున పగులు కనిపిస్తే ఊళ్లో వాళ్లు మొదట ఏం చేయాలి? వాన కారుతోందని పైన ఏటేటా సిమెంటు వేస్తుంటారు కదా.

---

దూలంలెక్క:

ఆ సిమెంటే సగం కారణం. 5 సెం.మీ. కాంక్రీటు పొర చదరపు మీటరుకు 120 కిలోలు. మూడుసార్లు వేస్తే 360. మొదట చెప్పిన లెక్కలో కప్పు బరువు 1070 కదా, అది 1430 అవుతుంది, దూలం అడుగున ఒత్తిడి 38 నుంచి 50కి పెరుగుతుంది. శిల్పి వదిలిన మిగులులోంచి అంత భాగం మనం తినేశామన్నమాట.

మొదట పగులు కింద రెండు వైపులా ఊతాలు పెట్టండి. కర్ర దుంగలైనా, ఇనుప జాకీలైనా సరే, కింద పలక, పైన పలక వేసి బిగించాలి. దూలాన్ని పైకి లేపడానికి ప్రయత్నించవద్దు, ఆనించి ఉంచితే చాలు. తర్వాత పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు అంచులకూ అతికించి తేదీ రాయండి. వానాకాలం దాటేదాకా చూడండి. గాజు పగిలితే కదలిక ఇంకా సాగుతోందని అర్థం. అప్పుడు దూలాన్ని కాదు, దాని కింది స్తంభాల పునాదిని తవ్వి చూడాలి. పగలకపోతే పైన వేసిన సిమెంటు పొరలను సుత్తి దెబ్బలు తగలకుండా చిన్న ఉలితో, కప్పు మధ్య నుంచి రెండు పక్కలకూ సమానంగా తీసేయించండి.

---

గానుగసున్నం:

తీశాక మళ్లీ సిమెంటు వేయొద్దు. సిమెంటు కింద చిక్కిన తడి బయటికి రాలేక రాతి పలకల అతుకుల్లోంచి కిందికే కారుతుంది. అడుగున తెల్లటి ఉప్పు మచ్చలు కనపడితే ఇదే జరుగుతోందని తెలుసుకోవాలి. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల మరమ్మతుల్లో కూడా పాత సిమెంటు పూత తీసి సున్నం వేశారు. మీ మండపానికి ఇటుకపొడి కలిపిన సున్నం 7–8 సెం.మీ. మించకుండా, నీరు పోయేలా మీటరుకు రెండు సెం.మీ. వాలుతో వేయించండి. ఎండాకాలం మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. వేసిన రోజు నుంచి కనీసం రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. దూలం పగులులో ఏం నింపాలన్నది రాతిపని తెలిసిన ఇంజనీరు వచ్చి చూశాకే. ఊతాలు అప్పటిదాకా తీయొద్దు. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంటే ఈ పనులన్నీ వాళ్ల అనుమతితోనే చేయాలి.